ఇంట్లోనే డయాలసిస్ (సీఏపీడీ): మూడేళ్లు దాటాక నా రివ్యూ

మాది పలాస దగ్గర ఊరు. ఉద్దానం వాళ్లకి కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మొదట్లో హీమోడయాలసిస్ (సెంటర్‌లో మెషిన్‌తో రక్తం శుభ్రం చేయడం) చేయించుకునేవాణ్ణి, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మెషిన్ మీద, వెళ్లి రావడంతో కలిపి ఆ రోజంతా పోయినట్టే, ఇంటికొచ్చాక మంచం దిగబుద్ధి అయ్యేది కాదు. అప్పుడు వైజాగ్‌లో మా డాక్టరుగారు సీఏపీడీ గురించి చెప్పారు. పొట్టలోకి మెత్తటి ట్యూబ్ ఒకటి వేస్తారు, దాంట్లోంచి ఫ్లూయిడ్ ఎక్కించి నాలుగైదు గంటలు ఉంచితే పొట్ట లోపలి పొరే రక్తంలో చెడునీ ఎక్కువ నీటినీ లాగేస్తుంది, తర్వాత అది దించేసి కొత్తది ఎక్కించుకోవడం. ఇదే రోజుకి నాలుగుసార్లు.

పని ఇలా ఉంటది. గది తలుపులు వేసి, ఫ్యాన్ ఆపి, మాస్క్ పెట్టుకుని, చేతులు సబ్బుతో బాగా తోముకుని పూర్తిగా ఆరబెట్టుకోవాలి. బ్యాగ్‌ని హీటింగ్ ప్యాడ్ మీద ఒంటి వేడికి తెచ్చుకోవాలి, వేడినీళ్లలో ముంచకూడదు. గోడకి కొట్టిన మేకుకి కొత్త బ్యాగ్ తగిలించి ఖాళీ బ్యాగ్ కింద పెడితే పాత ఫ్లూయిడ్ దానంతటదే దిగిపోతుంది, కొత్తది ఎక్కుతుంది, చివర్లో కొత్త క్యాప్ బిగించేస్తే అయిపోయింది. మొత్తం అరగంట, ముప్పావు గంట. కరెంటుతో పని లేదు (ప్యాడ్ ఒక్కటే, అది లేకపోయినా నడుస్తుంది). రాత్రిపూట మెషిన్‌తో చేసుకునే రకం కూడా ఉంది గానీ 2018లో తిత్లీ తుఫానుకి మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు, అది చూసినవాణ్ణి కాబట్టి చేత్తో చేసుకునేదే కావాలని పట్టుబట్టా.

నాకు అన్నిటికంటే సంతోషం తిండి విషయంలో. హీమో టైంలో పొటాషియం ఎక్కువుంటుందని కొబ్బరినీళ్ల వైపు చూడనిచ్చేవాళ్లు కాదు, కొబ్బరితోటల మధ్య పుట్టినోడికి అదెంత కష్టమో మీకు తెలుసు. ఇప్పుడు బ్లడ్ రిపోర్టు చూసి డాక్టరుగారే కొంచెం తాగమన్నారు. మీ రిపోర్టు వేరేగా ఉండొచ్చు, అడక్కుండా తాగొద్దు. ప్రోటీన్ మాత్రం ఫ్లూయిడ్‌తో పాటు పోతుంది కాబట్టి గుడ్డు తెల్లసొన రోజూ తినాల్సిందే. ఫ్లూయిడ్‌లో ఉండేది గ్లూకోజే, బరువు పెరుగుతుంది, షుగర్ ఉన్నోళ్లు మరీ జాగ్రత్త. ఒంట్లో నీరు చేరితే 1.5 శాతం గ్లూకోజ్ బ్యాగ్ బదులు 2.5 శాతం బ్యాగ్ వాడమంటారు, అది లాగే నీరు ఎక్కువ. విరేచనం సాఫీగా అవ్వకపోయినా ఫ్లూయిడ్ సరిగా దిగదు, ఇది ముందు నాకెవరూ చెప్పలేదు.

అసలు భయం ఇన్ఫెక్షన్. దిగిన బ్యాగ్ కింద పేపర్ పెడితే అక్షరాలు స్పష్టంగా కనబడాలి. ఒకసారి తెల్లారుజామున చూస్తే బియ్యం కడిగిన నీళ్లలా ఉంది, పొట్టలో ఒకటే నొప్పి, ఆ బ్యాగ్ పారేయకుండా పట్టుకుని మా తమ్ముడు నన్ను వైజాగ్ తీసుకెళ్లాడు. దాన్నే టెస్టుకి పంపి, యాంటీబయాటిక్ బ్యాగ్‌లో కలిపి పొట్టలోకే ఎక్కించారు, తగ్గింది. మబ్బుగా కనిపిస్తే సాయంత్రం దాకా చూద్దాంలే అనుకోకండి, దయచేసి.

ఖర్చు తక్కువేం కాదు, నాకు బ్యాగులకే నెలకి పాతికవేలు దాటుతుంది. నెలకి 120 బ్యాగులు, ఒక్కోటి రెండు లీటర్లు, ఒక గదిలో సగం అట్టపెట్టెలే. సప్లై చేసేవాళ్లు రేపు మాపు అని తిప్పించుకున్న నెలలు ఉన్నాయి, అందుకే రెండు వారాల స్టాక్ ఎప్పుడూ ఉంచుకుంటా. చెరువు స్నానం, సముద్ర స్నానం బంద్.

అయినా నేను మళ్లీ దీన్నే ఎంచుకుంటా. జీడిపప్పు కొట్టు మళ్లీ తెరిచా, మధ్యాహ్నం బ్యాగ్ కొట్టు వెనక గదిలోనే మార్చుకుంటా. శుభ్రమైన గది, చేతులు కడుక్కునే ఓపిక, ఇంట్లో ఇంకొకరికి కూడా ట్రైనింగ్, ఈ మూడూ లేకపోతే మాత్రం సెంటర్‌కి వెళ్లడమే మంచిది. మా ఆవిడ నాకంటే బాగా నేర్చుకుంది, జ్వరం వచ్చినరోజు మొత్తం తనే చేస్తుంది. జీవన్‌దాన్‌లో (అవయవదానం చూసే ప్రభుత్వ పథకం) పేరు రాయించాం, కిడ్నీ దొరికేదాకా ఇదే నడుస్తుంది.