థార్‌తో నాలుగు వానాకాలాలు, వాగుల సంగతి

నాది 2021లో తీసుకున్న మహీంద్రా థార్ జీపు, డీజిల్ మాన్యువల్. సోలార్ పంపుల పని మీద మారేడుమిల్లి, చింతూరు వైపు నెలకు మూడు నాలుగుసార్లు తిరుగుతాను. ఆ లోపలి ఊళ్లకు వానాకాలంలో వాగో చప్టానో దాటకుండా పోలేం.

బండి దిగొచ్చని కంపెనీ చెప్పే నీళ్ల లోతు 650 మిల్లీమీటర్లు, అంటే నా తొడ సగం దాకా. నీళ్లు నిలిచి ఉండి అడుగున గట్టి గులకరాయి ఉంటే, ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ నిదానంగా, ఎక్కువ బలంతో తిరిగే సెట్టింగు) మొదటి గేరు వేసి, బండి ముందు లేచే అలను తోసుకుంటూ దాని వెనకే నిదానంగా పోతే హాయిగా దాటేస్తుంది. స్పీడుగా దూకిస్తే వీడియో బాగా వస్తుంది గానీ నీళ్లు ఎగిరి గాలి గొట్టంలోకి పోతాయి. సిలిండర్‌లో నీళ్లు చేరితే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే మధ్యలో ఆగిపోయిందా, మళ్లీ స్టార్ట్ కొట్టకండి, తాడు కట్టి లాగించుకోండి.

ఇదంతా నిలవ నీళ్ల లెక్క. సోకులేరు వాగు రోడ్డెక్కినప్పుడు మోకాలి లోతేగా అనుకుని ఒకసారి దించాను, వెనక టైర్లు జానెడు పక్కకు జరిగాయి, గుండె నోట్లోకి వచ్చింది. బండి కొంచెం తేలగానే టైరుకు పట్టు ఉండదు, ఇక ఫోర్ వీల్ ఉండి ఏం లాభం? ఇప్పుడు నీళ్లు పారుతుంటే అవతల పక్క ఎంత పని ఉన్నా ఆగిపోతాను.

అసలు ఖర్చు తర్వాత వచ్చింది. రెండో ఏడాది వెనక డిఫరెన్షియల్ (ఆక్సిల్ మధ్యలో రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల డబ్బా) గుయ్‌మంటుంటే విప్పించాను, ఆయిల్ అచ్చం పాల టీ. వేడి మీదున్న ఆక్సిల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, బ్రీదర్, అంటే ఆక్సిల్‌కు గాలి ఆడే చిన్న గొట్టం, బురదతో పూడుకుపోయి ఉంటే సీళ్ల దగ్గర నీళ్లు పీలుస్తుంది. చూసుకోకపోవడం నా తప్పే. ఇప్పుడు వానలకు ముందు బ్రీదర్లు శుభ్రం చేయిస్తాను, లోతు నీళ్లలో దిగొచ్చాక ఆయిల్ చూపిస్తాను. ఒడ్డెక్కగానే బ్రేకు మెల్లగా రెండు మూడుసార్లు తొక్కాలి, తడి బ్రేకు పట్టదు.

బాగా నచ్చింది కింద నేలకున్న బిరడాలు, తీసేసి కడిగేస్తే బురద కిందికి పోతుంది. ఫోర్స్ గూర్ఖా జీపుకు స్నార్కెల్ (ఇంజిన్‌కు గాలిని పైనుంచి తీసుకునే గొట్టం) కంపెనీ నుంచే వస్తుంది, దీనికీ బిగించుకోమని చాలామంది చెప్పారు. గొట్టం పైకి పెట్టినంత మాత్రాన బండి పడవ అవుతుందా? ఆ డబ్బు ఇన్సూరెన్సులో ఇంజిన్ ప్రొటెక్షన్‌కు పెట్టండి, మామూలు పాలసీలో నీళ్లు పోయి పాడైన ఇంజిన్‌కు సాధారణంగా ఇవ్వరు. నేను ఏటా కడుతున్నాను, ఇంతవరకు వాడుకునే పని పడలేదు.