కాన్‌బెర్రాలో చైనా ఉపన్యాసాలు: పదకొండేళ్లు విన్నాక

2014 చలికాలంలో మొదటిసారి వెళ్లాను. ఆఫీసులో నా పక్క సీటు అతను గ్వాంగ్‌జౌ నుంచి వచ్చినవాడు. "సాయంత్రం ఏఎన్‌యూలో ఒక టాక్ ఉంది, ఫ్రీ, ఎవరైనా రావచ్చు" అన్నాడు. ఇంటికి పోయి చేసేది కూడా ఏమీ లేదు కాబట్టి సరేనన్నాను. ఆ రోజు విషయం ఉత్తర చైనాలోని షాన్‌శీ ప్రావిన్స్ పల్లెల్లో పాతకాలపు కాలవ నీళ్ల పంపకాలు. ఏ ఊరికి ఏ రోజు నీళ్లు, ఏ పొలానికి ఎంతసేపు అనేది రాళ్ల మీద చెక్కించి గుడి దగ్గర నిలబెట్టేవారట. గడియారాలు లేని రోజుల్లో వంతును అగరువత్తితో కొలిచేవారట. వత్తి కాలినంతసేపు నీళ్లు నీవి, ఆరిపోతే పక్కవాడివి.

మాది మహబూబ్‌నగర్ వైపు పల్లె. మా చెరువు కింద నీరటి ఉండేవాడు. తూము తీయాలన్నా, మడికి నీళ్లు మళ్లించాలన్నా అతనే. నీడ చూసి వంతు మార్చేవాడని మా తాత చెప్పేవాడు. చైనా అంటే అప్పటిదాకా నాకు టీవీ వార్తల్లోని చైనానే తెలుసు. ఆ గంటలో మొదటిసారి మా ఊరిలాంటి ఊళ్లున్న దేశంగా కనపడింది. అప్పటి నుంచి వెళుతూనే ఉన్నాను. ఉద్యోగం మీద రెండేళ్లు వేరే నగరంలో ఉన్నప్పుడు తప్ప ఎప్పుడూ మానలేదు.

కొత్తవాళ్ల కోసం కొంచెం వివరం. ఏఎన్‌యూ అంటే ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ. అందులో 'ఆస్ట్రేలియన్ సెంటర్ ఆన్ చైనా ఇన్ ది వరల్డ్' అని ఒక కేంద్రం ఉంది. 2010లో అప్పటి ప్రధాని కెవిన్ రడ్ దానికి 5.3 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు ప్రకటించాడు. ఆయన చదువుకున్నది కూడా ఇదే యూనివర్సిటీలో, చైనా భాషే. ఆ ప్రకటన చేసింది మారిసన్ లెక్చర్ వేదిక మీద. ఈ లెక్చర్ సంగతి విడిగా చెప్పాలి.

జార్జ్ ఎర్నెస్ట్ మారిసన్ 1862లో ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో పుట్టిన డాక్టరు. 1894లో షాంఘై నుంచి బర్మా దాకా ప్రయాణం చేశాడు. తర్వాత లండన్ టైమ్స్ పత్రికకు పెకింగ్ విలేఖరి అయ్యాడు. ఆయన పేరు మీద లెక్చర్ పెట్టించింది ప్రభుత్వం కాదు, ఆస్ట్రేలియాలో స్థిరపడిన చైనావాళ్లు. మొదటి ఉపన్యాసం 1932లో చైనా కాన్సుల్ జనరల్ ఇచ్చాడు. తెల్లవాళ్లు కానివాళ్లను రానివ్వకుండా 1901లో చేసిన చట్టం అప్పటికి గట్టిగా అమల్లో ఉంది. అలాంటి దేశంలో బతుకుతూ, మా గురించి మీరు తెలుసుకోండి అని సొంత డబ్బులతో ఒక ఉపన్యాసం ఏర్పాటు చేశారు. ఆ మొదటి ఉపన్యాసం జరిగిన పాత అనాటమీ భవనం ఇప్పుడు సినిమాలు, రికార్డింగులు దాచే నేషనల్ ఆర్కైవ్. యూనివర్సిటీని ఆనుకునే ఉంటుంది. ఆ పక్కగా నడిచినప్పుడల్లా వాళ్లు గుర్తొస్తారు. పరాయి దేశంలో మనం కూడా సంఘాలు పెట్టుకున్నాం, సంక్రాంతి, ఉగాది చేసుకుంటున్నాం. మన గురించి ఊళ్లోవాళ్లు తెలుసుకునేలా ఏటేటా ఒక మంచి ఉపన్యాసం పెట్టిస్తున్నామా అని నేను నిజంగా బాధపడతాను.

ఇన్నేళ్లలో నాకు గట్టిగా తేలిన విషయం ఒకటే. చిన్న విషయం మీద పెట్టిన ఉపన్యాసానికే వెళ్లండి. 'చైనా ఎదుగుదల', 'రాబోయే దశాబ్దంలో చైనా' లాంటి పేర్లు చూస్తే హాలు నిండిపోతుంది. చెప్పేవాళ్లు పెద్దవాళ్లే, మాజీ దౌత్యవేత్తలు, సలహాదారులు. కానీ ఇంటికొచ్చాక తలచుకుంటే పొద్దున పేపర్లో చదివిందే మిగులుతుంది. అదే ఒక ఊరి వంశవృక్షం, ఒక ఖైదీ రాసిన ఉత్తరాలు, ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ లెక్కల పుస్తకం లాంటివి పట్టుకుని పదేళ్లు కూర్చున్నవాళ్లు మాట్లాడితే లోపలి మనుషులు కనపడతారు. హాల్లో ముప్పై మంది కూడా ఉండరు. ఆ కేంద్రాన్ని మొదలుపెట్టిన జెరెమీ బార్మే వాదన కూడా దీనికి దగ్గరిదే. ఇవాళ్టి చైనాను అర్థం చేసుకోవాలన్నా పాత భాష, పాత సాహిత్యం రావాలి, ఇప్పటి మాటల వెనక అవి ఉంటాయి అంటాడు. ఆర్థిక విషయాలే కావాలంటే అదే యూనివర్సిటీలో క్రాఫర్డ్ స్కూల్ ఏటా పెట్టే చైనా అప్‌డేట్ సదస్సుకు వెళ్లొచ్చు. అది వేరే రకం, అంకెల మనుషులకు బాగుంటుంది.

నచ్చనివి కూడా చెప్తాను. వేరే నగరంలో ఉన్న ఆ రెండేళ్లలో అక్కడి ఒక యూనివర్సిటీ ఉపన్యాసాలకు వెళ్లాను, పేరు వద్దు. అందరికీ ఆహ్వానం అని రాసేవారు. తీరా వెళితే ముందు నాలుగు వరసలూ అతిథుల పేర్లతో రిజర్వ్. వెనక మైకు వినపడదు. చెప్పే ఆయన కాగితంలో ఉన్నది తలెత్తకుండా యాభై నిమిషాలు చదివాడు. ప్రశ్నలకు ఐదు నిమిషాలు మిగిలితే, ఒక పెద్దమనిషి ప్రశ్న అని లేచి తన ప్రయాణ అనుభవాలు చెప్పి కూర్చున్నాడు. అలాంటి సాయంత్రాలు మూడు నాలుగు అయ్యాక విసుగొచ్చి మానేశాను. ఉపన్యాసంలో సగం విలువ ప్రశ్నల్లో ఉంటుంది. దానికి కనీసం ఇరవై నిమిషాలు ఉంచని చోటుకు వెళ్లకండి.

2020లో అన్నిచోట్లా జూమ్‌కు మారారు. దానివల్ల హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు కూడా నాతో పాటు వినగలిగాడు, అది మేలే. కానీ అయిపోగానే స్క్రీన్ నల్లబడుతుంది. టీ కప్పు పట్టుకుని వక్త దగ్గరకు వెళ్లి అడిగే వీలుండదు.

పేర్లు పట్టుకోవడం మొదట్లో నాకు పెద్ద టెన్షన్. ఇంటిపేరు ముందు రావడం మనకు కొత్త కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన చైనా పేర్లే తికమక పెడతాయి. కొన్నేళ్లకు ఒక కిటుకు దొరికింది, తెలుగువాళ్లకే ఉపయోగపడేది. ఇంగ్లీషువాళ్ల నోట్లో మాట మొదట ప కొంచెం ఫ లా పలుకుతుంది. మనకు ప వేరు, ఫ వేరు. చైనావాళ్లకూ అంతే, వాళ్ల ప ను ఇంగ్లీషు బి తో రాస్తారు. బీజింగ్ అని మనం రాసేది వాళ్ల నోట్లో 'పెయ్‌చింగ్'కు దగ్గరగా ఉంటుంది. ఇంగ్లీషు జెడ్‌తో రాసేది మనం చలి, చుక్క, చాప అన్నప్పుడు వచ్చే ౘ. ఇంగ్లీషు జె తో రాసేది చీమలో చ. ఈ రెండు చ లనూ విడిగా పలకడం మనకు చిన్నప్పటి నుంచి వచ్చు. ఇది తెలిశాక స్లైడు మీద పేరు చూస్తూ వక్త నోట్లోంచి వచ్చేదాన్ని పట్టుకోగలుగుతున్నాను. రాగాల్లాంటి వాళ్ల స్వరాలు (టోన్లు) మాత్రం నాకింకా అందలేదు.

వెళ్లలేకపోతే చదవండి. పాత మారిసన్ లెక్చర్లు చాలావరకు అచ్చయ్యాయి. చైనా కేంద్రం 2012లో మొదలుపెట్టిన చైనా స్టోరీ ఇయర్‌బుక్‌ను ఏఎన్‌యూ ప్రెస్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. నేను మళ్లీ మళ్లీ చదివేది చైనా పండితుడు పియెర్ రిక్‌మన్స్ 1986లో ఇచ్చిన మారిసన్ లెక్చర్. చైనాలో పాత కట్టడాలు తక్కువే, అయినా వాళ్ల గతం చెదరలేదు, ఎందుకంటే దాన్ని వాళ్లు రాళ్లలో కాక అక్షరాల్లో దాచుకున్నారు అంటాడు. అది చదివినప్పుడు నాకు అమరావతే కళ్లముందుకొచ్చింది. ఆ స్తూపం శిల్పాలు లండన్‌లో కొన్ని, చెన్నైలో కొన్ని. మన ఆంధ్ర నుంచే దొంగతనంగా వచ్చిన మూడో శతాబ్దపు సున్నపురాతి ఫలకం ఒకటి ఈ కాన్‌బెర్రా నేషనల్ గ్యాలరీలోనే ఉండేది, 2016లో వెనక్కి ఇచ్చేశారు.

ఆ ఆలోచనతోనే ఒకసారి తాంగ్ రాజుల కాలపు బౌద్ధం మీద ఉపన్యాసం అయ్యాక వక్త దగ్గరకు వెళ్లాను. స్కూల్లో హుయాన్‌త్సాంగ్ అని చదువుకున్న యాత్రికుడు మా వైపు వచ్చాడు కదా, ఏం రాశాడు అని అడిగాను. ఆవిడ టీ పక్కన పెట్టి నా నోటుబుక్కు తీసుకున్నారు. ముందు ఆంధ్ర అనే పేరు చైనా అక్షరాల్లో రాసి 'అన్‌-తా-లో' అని చదివారు. ఎండలెక్కువ, మనుషులు ఆవేశపరులు అని రాశాడట. భాష మధ్యదేశపు, అంటే గంగ ఒడ్డు ప్రాంతాల, భాషకు వేరు గానీ లిపి మాత్రం చాలావరకు దానిలాగే ఉంటుందని గమనించాడట. పద్నాలుగు వందల ఏళ్ల కిందట మన భాష వేరని చెవితో విని రాసుకున్న మనిషి! అమరావతి దగ్గరి ధాన్యకటకంలో విహారాలు చాలా ఉన్నాయి, ఎక్కువ భాగం పాడుబడ్డాయి, ఇరవై దాకా మిగిలాయి, వెయ్యిమంది భిక్షువులున్నారు అని కూడా చెప్పాడట. నేను ఆ యాత్రికుడి పేరును చివరి మాట ౘ తో పలికితే, ఎవరు నేర్పారు అని ఆవిడ అడిగారు. మా భాషలో ఆ అక్షరం ఉందన్నాను.

అప్పుడు ఆవిడ తన పుస్తకం తెరిచారు. ఆ ధాన్యకటకాన్ని ఇప్పుడు మీ ఊళ్లవాళ్లు ఏమంటారు అని అడిగారు. ధరణికోట అన్నాను. రెండుసార్లు నాతో పలికించుకుని రాసుకున్నారు.