అమ్మతో అమెరికా దాకా: మూడు చోట్ల సెక్యూరిటీ చెక్

అమ్మానాన్నలను అమెరికా పిలిపించుకునేవాళ్లు టికెట్టు ధర, లేఓవర్ (మధ్యలో విమానం మారేచోట ఆగే సమయం), వీల్‌చైర్, భోజనం అన్నీ ఆరా తీస్తారు. సెక్యూరిటీ దగ్గర ఎలా ఉంటుందని మాత్రం పెద్దగా ఎవరూ అడగరు. పెద్దవాళ్లకు అసలు టెన్షన్ అక్కడే. అమ్మను హైదరాబాద్ నుంచి అబుదాబి మీదుగా షికాగో తీసుకెళ్లినప్పుడు నేను ఎక్కువగా గమనించింది దీన్నే.

శంషాబాద్‌లో చెకింగ్ అంతా సీఐఎస్‌ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) వాళ్లది. 1999 డిసెంబరులో విమానాన్ని కాందహార్‌కు హైజాక్ చేసిన తర్వాతే మన విమానాశ్రయాలు ఒక్కొక్కటిగా ఈ దళం చేతికి వచ్చాయి. లైన్ చకచకా కదులుతుంది. ఆడవాళ్లకు తెర వేసిన చిన్న గది, లోపల ఎక్కి నిలబడటానికి ఒక దిమ్మ. అమ్మ ఎక్కి చేతులు చాచింది. గాజుల దగ్గర పరికరం కుయ్యిమంది. ఆ అమ్మాయి గాజులను వేలితో అటూ ఇటూ జరిపి చూసి "జాయియే మాజీ" అంది. అమ్మకు హిందీ రాదు. ఇంకా ఏదో మిగిలిందనుకుని చేతులు చాచుకుని అలాగే నిలబడింది. వెనకే ఉన్నాను కాబట్టి "అయిపోయిందమ్మా, దిగు" అన్నాను. పెద్దావిడ ఒక్కతే వెళ్తుంటే ఆ ఒక్క మాట చెప్పేవాళ్లుండరు. ఇక్కడి సిబ్బందికి పని వచ్చు, దురుసుతనం లేదు, కానీ మాట పొదుపు. 2019లో ఈ దళం ప్రయాణికులను చూసి మరీ విశాలంగా నవ్వొద్దని, తగుమాత్రం నవ్వితే చాలని అనుకున్నట్టు పత్రికల్లో వచ్చింది. మా లైన్లో ఆ తగుమాత్రం కూడా కనిపించలేదు.

అబుదాబి సంగతి వేరు. అమెరికా వెళ్లేవాళ్ల ఇమిగ్రేషన్ 2014 నుంచి అక్కడే పూర్తి చేస్తున్నారు. షికాగోలో దిగాక మళ్లీ ఆ క్యూ ఉండదు, దేశీయ విమానం దిగినట్టే బయటికి వచ్చేయొచ్చు. పెద్దవాళ్లకు ఇది పెద్ద వరం. కాకపోతే అమెరికా పద్ధతిలో ఇంకో సెక్యూరిటీ చెక్ దాటాలి. శంషాబాద్‌లో అయిపోయింది కదా అని అమ్మ చెప్పులేసుకుని నిశ్చింతగా ఉంటే మళ్లీ ట్రేలు ఎదురొచ్చాయి. లేఓవర్ మూడు గంటలకు తగ్గితే ఆ టికెట్టు కొనొద్దనే చెబుతాను. గంటన్నర టికెట్టు చవగ్గా వచ్చిందని మురిసిపోతే అక్కడ పరుగే.

అమ్మ చేతి సంచిలో కరివేపాకు కారం పొట్లం ఉంది. 2018 జూన్ 30 నుంచి అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడులు చేతి సంచిలో ఉంటే అదనంగా పరీక్షించొచ్చు. చేతి తొడుగులు వేసుకున్న కుర్రాడు పొట్లం బయటికి తీసి, చిన్న పట్టీతో పైన రుద్ది, ఆ పట్టీని మెషిన్లో పెట్టాడు. తర్వాత మూతి కాస్త విప్పి చూశాడు, గట్టిగా తుమ్మాడు. "స్పైసీ?" అన్నాడు. అమ్మ తల ఊపింది. మళ్లీ జాగ్రత్తగా మడిచి ఇచ్చాడు. మర్యాదలో అతనికి నూటికి నూరు. అయినా పొడులు, పచ్చళ్లు చెకిన్ సూట్‌కేసులో వేసేస్తే ఈ తతంగమే ఉండదు.

అమెరికాలో ఊళ్లు తిరిగేటప్పుడు అక్కడి విమానాశ్రయాల్లో సెక్యూరిటీ చూసే ప్రభుత్వ సంస్థ టీఎస్‌ఏ వాళ్లతో పని పడుతుంది. 2025 జూలై నుంచి బూట్లు, చెప్పులు విప్పనక్కర్లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అదే పెద్ద ఊరట. బాడీ స్కానర్లో చేతులెత్తి నిలబడితే తెర మీద బొమ్మ వస్తుంది. అమ్మ బొమ్మకు తల దగ్గర పసుపు చదరం పడింది. కారణం కొప్పు. స్కానర్లకు కొప్పులంటే ఎప్పుడూ అనుమానమే. అక్కడి ఆఫీసరమ్మ ముందు తన తల ముట్టుకుని చూపించి, "నీ జుట్టు చూస్తాను, సరేనా?" అన్నట్టు సైగ చేసి, అమ్మ సరేనన్నాకే చెయ్యి వేసింది. శంషాబాద్‌లో లేనిదల్లా ఇదే. ముందు చెప్పి తర్వాత ముట్టుకుంటే అమ్మకు భయం వేయలేదు. ఒంటిని తడిమి చూడాల్సి వస్తే ఆడవాళ్లకు ఆడవాళ్లే చేస్తారు. విడిగా గదిలో చేయమని అడగొచ్చు, తోడుగా మనం కూడా లోపలికి వెళ్లొచ్చు.

అందరూ అలా ఉంటారని కాదు. పేరు చెప్పను గానీ ఇంకో ఊళ్లో ఒకాయన నీళ్ల సీసా గురించి మా ముందున్న ముసలాయన మీద గొంతు చించుకున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదని పక్కవాళ్లందరికీ తెలుస్తూనే ఉంది. గొంతు పెంచితే అర్థమవుతుందా?

అమ్మను ఒక్కదాన్నే తిరుగు ప్రయాణం పంపేటప్పుడు టీఎస్‌ఏ కేర్స్ అనే సహాయ విభాగానికి 72 గంటల ముందు ఫోన్ చేశాం. సెక్యూరిటీ దగ్గర ఒక మనిషి వచ్చి దగ్గరుండి దాటించారు, డబ్బులేమీ తీసుకోలేదు. వంద మిల్లీలీటర్లు దాటిన దగ్గు మందు కూడా ముందే తీసి చూపిస్తే ఒప్పుకున్నారు. కొప్పు బదులు ఆ రోజు జడ వేసి పంపాను.