సెప్టిక్ ట్యాంకుకు ‘సీజన్ ప్యాకేజీ’ అంటూ వస్తున్నారు, తిరుపతి వాళ్లు జాగ్రత్త

యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) లైను ఇంకా రాని కాలనీల్లో ఇల్లు ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాది తిరుచానూరు దారిలో ఒక లేఅవుట్. పోయిన మేలో, గంగమ్మ జాతర వారంలో, ఒకతను బండి మీద వచ్చి సెప్టిక్ ట్యాంకుకు ఏడాది ప్యాకేజీ అంటగట్టి వెళ్లాడు. 3,600 రూపాయలు. ఎండాకాలానికి ఒక పౌడరు ప్యాకెట్టు, వానలకు రెండు, చలికాలానికి ఒకటి. “కమ్మోడ్‌లో వేసి ఫ్లష్ కొట్టండక్కా, పదేళ్లు మూత ఎత్తే పనుండదు” అన్నాడు. ఇల్లు కట్టి ఆరేళ్లయింది, ఒక్కసారి కూడా ట్యాంకు తీయించలేదు. ఆ వేసవిలో తీయిద్దామని అనుకుంటూనే ఉన్నాం. అతని మాట విని మానేశాం. 3,600 పోతే పోయింది, ఆ వేసవి పోవడమే మా కొంప ముంచింది.

ఎందుకో అర్థం కావాలంటే ట్యాంకులో ఏం జరుగుతుందో తెలియాలి. చారు గిన్నె కదపకుండా కాసేపు పెడితే పైన తేట తేరి, అడుగున పప్పు ముద్ద దిగుతుంది కదా, అదే ఇక్కడా. బరువైనది మడ్డిగా అడుగుకు చేరుతుంది, జిడ్డు తెట్టులా పైన కడుతుంది, నడుమ ఉన్న నీళ్లు టీ పైపు (ఇంగ్లీషు T ఆకారంలో, ట్యాంకులోంచి బయటికి పోయే పైపు) గుండా ఇంకుడు గుంతకు పోతాయి. మడ్డిని తినే బ్యాక్టీరియా రోజూ మన కడుపులోంచే కావలసినంత వెళ్తుంది. దాన్ని ప్యాకెట్లలో కొనక్కర్లేదు. అది ఎంత తిన్నా అరగనిది మిగిలి పేరుకుంటూనే ఉంటుంది. అందుకే ఇళ్ల ట్యాంకులను రెండు మూడేళ్లకోసారి తీయించమని కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ చెబుతుంది. పౌడరు వేసినా, వేయకపోయినా ఆ పని తప్పదు. తీయించకుండా వదిలేస్తే మడ్డి టీ పైపు మూతి దాకా లేచి, ఇంకుడు గుంతలోకి పోయి, నీళ్లు ఇంకే మట్టిని పూడ్చేస్తుంది. మా ఇంట్లో జరిగింది అచ్చం ఇదే.

ఆ ప్యాకెట్టు సంగతి కూడా చెప్తాను. తవుడు రంగులో పొడి, నిమ్మకాయ సెంటు వాసన. కవరు మీద రంగు రంగుల బొమ్మ ఉంది గానీ తయారైన తేదీ లేదు, కంపెనీ చిరునామా లేదు, లోపల ఏముందో ఒక్క ముక్క లేదు. పెరుగు ప్యాకెట్టు కొన్నా తేదీ చూస్తాను, దీనికి మాత్రం చూడలేదు.

నవంబరులో మూడు రోజులు విడవకుండా వాన. మన వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేవేగా. నాలుగో రోజు పొద్దున ఫ్లష్ కొడితే నీళ్లు దిగలేదు. బాత్రూం జాలీలోంచి గుడగుడమని బుడగలు, వెనకే నల్లటి నీళ్లు. దర్శనానికి వచ్చిన మా ఆడపడుచు వాళ్లు ఏడుగురు ఇంట్లో ఉన్నారు. (తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు చుట్టాల కొదవేముంది!) ఫోన్ చేస్తే అతను చల్లగా “వాన నీళ్లకు ప్యాకేజీ వర్తించదక్కా, రసీదు వెనకాల రాసుండాది చూడండి” అన్నాడు. మరి వానలకని రెండు ప్యాకెట్లు ఇచ్చింది దేనికి నాయనా అంటే, “అది వాసనకక్కా” అన్నాడు.

టెన్షన్‌లో, అతను పంపిన ట్యాంకరుకే ఒప్పుకున్నాను. అది రెండో తప్పు. రెండు లోడ్లు లాగామని 6,000 తీసుకున్నారు. పైపు మూతి పైపైనే తేలేసి ఉత్త నీళ్లు లాగి, మడ్డిని అలాగే వదిలేశారని తర్వాత తెలిసింది. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే పట్టేసేదాన్ని: మా ట్యాంకు లోపల 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, నీళ్లు నిలిచే లోతు 5 అడుగులు. గుణిస్తే 200 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు, అంటే దాదాపు 5,660 లీటర్లు. వచ్చిన బండి 4,000 లీటర్లది. రెండు లోడ్లు నిజంగా నిండితే మా ట్యాంకు మొత్తం పోయి ఇంకా మిగలాలి. మూత ఎత్తి చూస్తే అడుగున మోకాలెత్తు మడ్డి అలాగే ఉంది.

అది గట్టిగా ఉంది, మోటారు లాగదు అని ట్యాంకరుతో వచ్చిన కుర్రాడు చొక్కా విప్పి లోపలికి దిగబోయాడు. మా అత్తమ్మ కేక వేసి ఆపింది. ఇది మాత్రం ఎవరూ ఒప్పుకోకండి. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు వాసనే పట్టదు, మనిషి పడిపోయేదాకా తెలియదు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం, మనుషులతో పాకీ పని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం కింద నేరం, దించినవాళ్లకు జైలు కూడా పడొచ్చు. ఆ కుర్రాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు.

నాలుగు రోజులకే ట్యాంకు మళ్లీ అంచు దాకా నిండింది. మేం వాడిన నీళ్లు అన్ని లేవు. నానిపోయిన నేలలోని నీళ్లే ఇంకుడు గుంత నుంచి వెనక్కి వచ్చాయి. డాబా మీది వాన గొట్టాన్ని కూడా మా మేస్త్రీ ఇరవై అడుగుల పైపు మిగుల్చుకోవడానికి సెప్టిక్ ట్యాంకుకు పోయే చాంబరులోనే కలిపేశాడని అప్పుడు బయటపడింది. అందులో ప్యాకేజీ అతని తప్పేం లేదు, కట్టించేటప్పుడు మేం చూసుకోలేదు.

ఈసారి మా వీధిలో వాళ్లు చెప్పిన ఇంకో బండిని పిలిచాం. ఆ డ్రైవరు మూత ఎత్తి చూసి, మొత్తం లాగనని చెప్పేశాడు. “భూమి నానిపోయిండాది మేడమ్. ఇప్పుడు వట్టిది చేస్తే నీళ్లు కింద నుంచి తోస్తాయి, ట్యాంకు లేసినా లేస్తాది. పైపుకు దిగువ దాకా లాగి ఇస్తా, మిగతాది ఎండలొచ్చినాక పిలవండి.” మొదట నమ్మలేదు. తర్వాత 2021 నవంబరు వరదలు గుర్తొచ్చాయి. అప్పుడు శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంట్లో సిమెంటు రింగుల నీళ్ల సంపు శుభ్రం చేస్తుంటే నేలలోంచి పైకి లేచింది, ఊరంతా వెళ్లి చూసింది. రింగుల ట్యాంకులు, ప్లాస్టిక్ ట్యాంకులు ఉన్నవాళ్లకు ఈ భయం ఇంకా ఎక్కువ. డబ్బు వచ్చే పనిని వద్దన్న మనిషి మాట మీద నాకు గురి కుదిరింది. వాషింగ్ మెషిన్ ఆపి, ఆడపడుచు వాళ్లను లాడ్జికి పంపి, నెల గడిపాం.

ఏప్రిల్‌లో నేల ఎండాక అతన్నే పిలిచి, ముందు కర్రతో మడ్డి కలియబెట్టించి, అడుగున కొద్దిగా వదిలి మిగతాదంతా లాగించాం. ఆ వదిలింది కొత్త మడ్డికి తోడు. పెరుగుకు తోడు లాంటిదే, ఉచితంగా వస్తుంది. తర్వాత ట్యాంకులో నీళ్లు నింపాం, డాబా గొట్టాన్ని విడదీశాం. ఇంకుడు గుంత మాత్రం పూడిపోయింది. కొత్తది తవ్వడానికి 22,000 అయింది. బోరుకు ఇంకుడు గుంతకు మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలి కాబట్టి చోటు కోసం ముందు వైపు పూలచెట్లు తీసేయాల్సి వచ్చింది. అన్నిటికంటే నాకు అదే బాధ.

మీ ట్యాంకు ఎలా ఉందో చూడడానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. పొడవాటి కర్రకు కింద నాలుగడుగుల మేర పాత తెల్ల టవలు చుట్టి కట్టండి. మూత తీసి పది నిమిషాలు గాలి ఆడనివ్వండి. మొహం లోపలికి పెట్టొద్దు, దగ్గర అగ్గిపుల్ల గీయొద్దు, పక్కన ఇంకొకరు ఉండాలి. కర్రను టీ పైపు దగ్గర మెల్లగా అడుగు తగిలేదాకా దించి, కాసేపు ఉంచి తీస్తే టవలు మీద నల్లటి గీత పడుతుంది. ఆ గీతకూ టీ పైపు కింది మూతికీ మధ్య అడుగు దూరం కూడా లేకపోతే బండిని పిలవాల్సిందే. బ్రహ్మోత్సవాలకు చుట్టాలు దిగక ముందే చూసుకోండి.

బండి వస్తే లోడు నిండిందో లేదో మీరే నిలబడి చూడండి, చివర్లో మళ్లీ కర్ర వేయించాకే డబ్బు ఇవ్వండి. ఇలాంటి ప్యాకేజీకి ఇప్పటికే కట్టినవాళ్లు రసీదు, ప్యాకెట్టు కవరు, ఫోన్‌పే మెసేజ్ పారేయొద్దు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే మొదట అడిగింది అవే. నా రసీదు మీద జీఎస్టీ నంబరు లేదు, చిరునామా లేదు, ఒక సెల్ నంబరు ఉంది. అది జనవరి నుంచి స్విచాఫ్.