పసిపిల్లలతో వేసవి సెలవులు: సముద్రమా, కొండలా?

పిల్లలు చిన్నవాళ్లయితే నా ఓటు సముద్రానికే. ఇసుక, ఒక బకెట్ ఉంటే చాలు, గంటలు ఇట్టే గడిచిపోతాయి. కాకపోతే ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా ఎండలోకి వదలకూడదు. 6 నెలల లోపు పాపలకు సన్‌స్క్రీన్ కన్నా నీడ, వదులు బట్టలే మేలు. నీళ్లు మోకాలి లోతే ఉన్నా, పెద్దవాళ్లు ఫోన్ పక్కన పెట్టి చేతికందే దూరంలో ఉండాలి. మునిగిపోయే పిల్లలు చాలాసార్లు అరవలేరు, చప్పుడే వినిపించదు. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

కొండల్లో హాయి నిజమే, 1000 మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. కానీ పైకి వెళ్లేకొద్దీ అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, చల్లగా ఉందని టోపీ మరిచిపోతాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో రెండేళ్లు దాటిన పిల్లలకు వాంతుల టెన్షన్ ఎక్కువ. చంటిపిల్లలకు చెవులు దిబ్బడ వేస్తే పాలు పట్టండి, సర్దుకుంటాయి. వేడికి తట్టుకోలేని పిల్లలుంటే మాత్రం కొండలకే వెళ్లండి.