చండ్ర రోకలి: చాన్నాళ్లు దంచాక

మా ఇంట్లో మూడు రోకళ్లున్నాయి. టేకుది మూలన పడింది, తుమ్మది పనమ్మాయికి ఇష్టం, నేను పట్టేది చండ్రది. ఏటా వేసవిలో కారం, పసుపు, ఆవపిండి, సంక్రాంతికి అరిసెల పిండి అన్నీ దీంతోనే.

బరువే దీని గొప్ప. ఎండిన చండ్ర చేవ, అంటే మాను లోపలి గట్టి కర్ర, ఘనపు మీటరుకు 900 నుంచి 1000 కిలోల దాకా తూగుతుంది, టేకు 650 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఒకే కొలతల్లో టేకు రోకలి రెండున్నర కిలోలుంటే ఇది మూడున్నర దాటుతుంది. పసుపు కొమ్ముల దగ్గర ఆ తేడా తెలుస్తుంది. టేకుతో కసిగా కొట్టాలి, దీన్ని ఎత్తి వదిలితే చాలు. భుజం నొప్పి ఉన్నవాళ్లకి మాత్రం ఎత్తడమే కష్టం. మా అత్తగారు ఇప్పుడు దీని జోలికి రారు, తుమ్మదే తెమ్మంటారు. ఆవిడ మాటా నిజమే, రోజూ కాస్త పప్పుల పొడికి ఇంత బరువెందుకు?

కొత్తలో నన్ను విసిగించింది రంగు. తడి బియ్యం దంచితే పిండి లేత ఎరుపుగా వచ్చింది, ఆ ఏడు అరిసెలు చూసి చుట్టాలు రాగి పిండి కలిపావా అన్నారు. తాంబూలంలో వేసుకునే కాచు ఈ చెట్టు చేవని ముక్కలు కొట్టి, నీళ్లలో మరిగించి తీసేదే. అది కర్ర నిండా ఉంటే తడికి దిగకేం చేస్తుంది? ముందు ఊక, తవుడు దంచి పారబోస్తూ వచ్చాక తగ్గింది. పొడి సరుక్కైతే ఈ గొడవే లేదు.

కింద పొన్ను, అంటే కొసకి తొడిగే ఇనుప కట్టు, దగ్గర కర్ర నల్లబడుతుంది. కర్రలోని వగరుకీ ఇనుముకీ తడి తగిలితే వచ్చే నలుపది, పుచ్చు కాదు. కడిగితే వెంటనే తుడిచి నీడన ఆరబెట్టండి. ఎండలో పడేస్తే కొసలు నెర్రెలిస్తాయి, కర్ర కుంచించుకుని పొన్ను వదులవుతుంది. మాది ఒకసారి ఊడితే కమ్మరి మళ్లీ బిగించి ఇచ్చాడు. చెదలు మాత్రం ఇన్నేళ్లలో ముట్టలేదు. పక్కనే ఆనించిన మామిడి చెక్క పీటని పొట్టు చేసి వదిలాయి!

కొనేటప్పుడు కొసన కోత చూడండి. చండ్ర చేవ ముదురు ఎరుపు, చుట్టూ ఉండే లేత కర్ర పాలిపోయిన పసుపు. లేత కర్ర ఎక్కువుంటే వద్దనండి, పురుగు పట్టేది దానికే. ఒక్కోసారి చేవ సందుల్లో తెల్లటి పొడి కనిపిస్తుంది. అదీ కాచు సరుకే, బూజనుకుని బేరం వదులుకోవద్దు. తుమ్మకి ఎర్ర రంగు పూసి అంటగట్టేవాళ్లున్నారు, గోటితో గీకితే బయటపడుతుంది. మా వడ్రంగి అయితే దీన్ని చెక్కమంటేనే మొహం మాడ్చుకుంటాడు, బాడిశ పదును నిలవదట. అందుకే కూలి టేకు కంటే ఎక్కువ అడిగాడు, ఇచ్చాను.

ఇది అడవి చెట్టు, కొట్టడానికీ తరలించడానికీ అటవీ శాఖ అనుమతులు కావాలి. రసీదు ఇచ్చే అడితిలోనే కర్ర తీసుకోండి. కుజుడి హోమానికి చండ్ర సమిధలు కావాలని పురోహితుడు అడిగితే, చెక్కగా మిగిలిన పేళ్లు మా ఇంటి నుంచే వెళ్లాయి.

గొడ్డలి కామకి ఇదే కర్ర వేయించారు మావారు. చేతులు అదిరిపోతున్నాయని మార్చేశారు. రోకలికైతే మళ్లీ ఇదే కొంటాను, ఈసారి ఒక చెయ్యి పొట్టిగా, కాస్త సన్నగా చేయించుకుని.