మెట్ల మీద లేని స్వరాలు: జెఫ్ బెక్ ‘వేర్ వర్ యు’

ఈ సమీక్ష నిజానికి ఒక ఇనుప కడ్డీ గురించి. ఫెండర్ కంపెనీ చేసే స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటారు మీద, తీగలు కట్టి ఉండే బ్రిడ్జికి తగిలించిన ఆ కడ్డీని కొందరు ట్రెమోలో ఆర్మ్ అంటారు, కొందరు వామీ బార్ అంటారు. రాక్ సంగీతంలో దానికి దక్కిన పని చాలావరకు అల్లరే: తీగలన్నీ ఒక్కసారిగా వదులు చేసి పేలుళ్లు, సకిలింపులు పుట్టించడం. ఇంగ్లండు రాక్ గిటారిస్టు జెఫ్ బెక్ దాని చేత పాట పాడించాడు. 1989లో వచ్చిన ‘జెఫ్ బెక్స్ గిటార్ షాప్’ ఆల్బంలో ఐదవది, ‘వేర్ వర్ యు’. మూడు నిమిషాలకు కాస్త పైన, అంతే. ఏళ్ల తరబడి వింటున్నాను. ఆ కడ్డీ మీది చెయ్యి ఎప్పుడు కదిలిందో పట్టుకోలేని చోట్లు ఇప్పటికీ అందులో ఉన్నాయి.

బెక్ అనగానే జనం 1975 నాటి ‘బ్లో బై బ్లో’ దగ్గరకు, అందులో స్టీవీ వండర్ రాసిన ‘కాజ్ వీవ్ ఎండెడ్ యాజ్ లవర్స్’ దగ్గరకు వెళ్లిపోతారు. గొప్ప రచనే, కాదనను. ‘గిటార్ షాప్’కు 1990లో గ్రామీ వచ్చింది గానీ, దాని ప్రస్తావన వస్తే హుషారైన ‘బిగ్ బ్లాక్’ గురించే ఎక్కువగా వింటాను. ఆ హోరు ఆగగానే మొదలయ్యే ఈ నెమ్మదైన బాణీ గిటారు వాయించేవాళ్లకు తెలియనిది కాదు. మామూలు శ్రోతలకే ఇది ఆనదు. మాటలు లేవు, డ్రమ్స్ లేవు, కాలు ఆడించడానికి తాళం లేదు. టెర్రీ బోజియో అంతటి డ్రమ్మర్ పేరు కూర్పులో ఉంది, ఒక్క దెబ్బ మాత్రం వినపడదు. ఉన్నదల్లా టోనీ హైమస్ కీబోర్డు, దాని మీద బెక్.

ఇక అసలు సంగతి. గిటారు తీగను మెట్టు మీద నొక్కకుండా, పన్నెండో మెట్టుకు సరిగ్గా పైన వేలితో తాకీ తాకనట్టు తాకి మీటితే గంట మోగినట్టు సన్నని నాదం వస్తుంది. అదే హార్మోనిక్. ఖాళీ తీగ షడ్జమం అనుకుంటే పన్నెండో మెట్టు దగ్గర పై షడ్జమం, ఏడో మెట్టు దగ్గర ఆ పైన పంచమం, ఐదో మెట్టు దగ్గర ఇంకో స్థాయి పైన షడ్జమం, నాలుగో మెట్టుకు చేరువలో ఆ పైన గాంధారం దొరుకుతాయి. తీగ తనంతట తాను సులువుగా ఇచ్చేది ఆ కొన్నే. రిషభం కావాలి, మధ్యమం కావాలి, రెంటి నడుమ జారు కావాలి అంటే ఏ మెట్టూ ఇవ్వదు. బెక్ ఆ లేని స్వరాలను కడ్డీతో తెచ్చుకున్నాడు. వాల్యూమ్ నాబ్ తగ్గించి ఉంచి, దగ్గరలోని హార్మోనిక్‌ను వేలితో మీటి, కడ్డీని కావలసినంత నొక్కి, అప్పుడు చిటికెన వేలితో నాబ్ తిప్పుతాడు. అందుకే మీటిన చప్పుడు మనకు వినపడదు. స్వరం ఎక్కడి నుంచో ఉబికి వస్తుంది, వినపడేసరికే తన చోట ఉంటుంది. ఆ తర్వాతే పైకో కిందికో ప్రయాణం మొదలుపెడుతుంది.

వీణ వింటూ పెరిగిన చెవికి ఇందులోని తేడా చప్పున తెలుస్తుంది. వీణలో తీగను మెట్టు మీద పక్కకు లాగితే శ్రుతి పెరుగుతుంది, వదిలేస్తే ఆ మెట్టు స్వరానికే తిరిగి వస్తుంది. ఆసరా ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ ఆసరా కూడా ఊగేదే. పైగా కడ్డీని ఒకే మేర నొక్కినా ఒక్కో తీగ ఒక్కో మేర దిగుతుంది. అంటే చేతికి గుర్తుపెట్టుకునే కొలత లేదు, చెవే దిక్కు. పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్ విన్న మనకు ఎలక్ట్రిక్ తీగ మీద గమకం పలకడం వింత కాదు. ఎడమచేతికి దాదాపు పని లేకుండా పలకడమే వింత.

బెక్ చెవి మొదటినుంచీ ఇలాంటి వాటి వైపే పోయేది. 1965లో తాను వాయిస్తున్న యార్డ్‌బర్డ్స్ బృందం ‘హార్ట్ ఫుల్ ఆఫ్ సోల్’ రికార్డింగుకు పిలిపించిన సితార్ వాద్యకారుడి ధ్వని పాటకు చాలలేదనుకున్నప్పుడు, ఆ వరసను ఫజ్ (ధ్వనిని బరకగా మార్చే పరికరం) పెట్టిన గిటారు మీద పలికించింది ఇతనే. ఈ బాణీకి ప్రేరణ మాత్రం బల్గేరియా మహిళల బృందగానం, ‘ల మిస్తేర్ దె వ్వా బుల్గార్’ రికార్డు. గొంతు పూర్తిగా తెరిచి పాడే ఆ స్త్రీలు చరణం చివర స్వరాన్ని చటుక్కున పైకి విదిలించి వదిలేస్తారు. నా చెవికి బెక్ కడ్డీలో ఆ విదిలింపే వినిపిస్తుంది.

ఇంత చెప్పాక నా గిటారు కథ చెప్పకపోతే కుదరదు. నాది స్ట్రాటోకాస్టర్‌కు చవక నకలు. దీని మీద కనీసం మొదటి వరసైనా పట్టాలని కూర్చున్నాను. కడ్డీ నొక్కి వదలగానే మూడో తీగ శ్రుతికి తిరిగి రాలేదు. దాన్ని సరిచేస్తే రెండోది పోయింది. తీగ నట్ (మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ) గాడిలో ఇరుక్కుని పూర్తిగా వెనక్కు జారడం లేదు. గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దితే కొంత నయమైంది, ఇది వాయించేవాళ్లందరికీ తెలిసిన చిట్కానే. అయినా వరస వరసకూ బిరడాలు తిప్పుతూ కూర్చుంటే సంగీతం ఎక్కడిది? విసుగెత్తి మరమ్మతు దుకాణంలో ఇచ్చి, శ్రుతి నిలిచేలా చేయమన్నాను.

తిరిగి వచ్చిన గిటారు నిజంగానే శ్రుతిలో నిలిచింది. ఇంటికి తెచ్చి కడ్డీని పైకి లాగుదునా, కదలదు. వెనక మూత తీసి చూస్తే, తీగల లాగుడుకు ఎదురుగా బ్రిడ్జిని పట్టి ఉంచే స్ప్రింగులు మూడు ఉండాల్సిన చోట ఐదు బిగించి ఉన్నాయి. బ్రిడ్జి గిటారు ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఊగే బ్రిడ్జిని ఊగకుండా కట్టేయడమే ఆయన చేసిన వైద్యం. వెళ్లి అడిగితే ‘శ్రుతి నిలవాలన్నారు కదండీ’ అన్నాడు. మాటలో తప్పు పట్టడానికి లేదు, ఒళ్లు మాత్రం మండింది.

ఆ మంటలోనే ఒక మేలు జరిగింది. కడ్డీ కిందికి మాత్రమే పోతే ఈ బాణీలో ఏం మిగులుతుందో చూడగలిగాను. కింది నుంచి ఎక్కి వచ్చే స్వరాలు ఎలాగో మిగిలాయి. స్వరాన్ని ఒక వెంట్రుకవాసి దాటి వెనక్కు వాలే చోట్లు పోయాయి. నిలిపిన స్వరం మీది సన్నని వణుకు కూడా పోయింది, ఎందుకంటే ఆ వణుకుకు శ్రుతికి అటూ ఇటూ చోటు కావాలి. బాణీలోని స్వరాలన్నీ దాదాపుగా ఉన్నాయి, పాట లేదు. బెక్ తన బ్రిడ్జిని రెండు వైపులా కదిలేలా ఎందుకు తేలనిచ్చేవాడో, అతని పేరుతో వచ్చిన ఫెండర్ గిటారు నట్‌లో రోలర్లు ఎందుకు పెట్టారో ఏ వ్యాసం చదివినా ఇంత బాగా తలకెక్కేది కాదు. స్ప్రింగులు రెండు నేనే తీసేశాను. శ్రుతి మళ్లీ పోతోంది, పోనీ.

ఒక్క మచ్చ కూడా లేని రికార్డని స్నేహితులకు చెబుతూ వచ్చిన మాటను ఈమధ్య కొంచెం తగ్గించాను. మంచి హెడ్‌ఫోన్లు కొన్నాక హైమస్ కీబోర్డు మరీ నున్నగా, మరీ 1989లా వినిపిస్తోంది. ఆ కాలపు రికార్డింగుల్లో ఉండే ప్రతిధ్వని గిటారును కాస్త దూరం జరుపుతుంది. రికార్డు మొదట నచ్చినప్పుడు ఆ దూరమే అందమనిపించేది. ఇప్పుడు వేళ్లు తీగకు తగిలే చప్పుడు కూడా వినాలనిపిస్తోంది. ఆ కోరిక తీరింది లండన్‌లోని రోనీ స్కాట్స్ క్లబ్బులో 2007లో చేసిన కచేరీ రికార్డింగులో. 2008లో వచ్చిన ఆ ఆల్బం చివరి పాట ఇదే. అప్పటికి బెక్ అరవై దాటాడు. స్టూడియోలో అయితే ఒక వరస బాగా రాకపోతే మళ్లీ వాయించుకోవచ్చు. ఆ చిన్న క్లబ్బులో, తాగుతూ కూర్చున్నవాళ్ల ముందు, కొలత లేని స్వరాన్ని ఒకే దెబ్బకు పట్టుకోవాలి. నేను ఊహించని సంగతేమిటంటే, స్టూడియో రికార్డు కంటే ఇదే నాకు నిదానంగా, ధీమాగా వినిపించడం.

వినే పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది అన్నిచోట్లా పనిచేసే పాట కాదు. బస్సులో వినకండి. ప్రతి స్వరం నిశ్శబ్దంలోంచి పుట్టేది కాబట్టి ఇంజను చప్పుడు ఆ పుట్టుకనే మింగేస్తుంది, మిగిలింది ఎవరో ఈల వేస్తున్నట్టు ఉంటుంది. ఫోను స్పీకరూ అంతే. ఆల్బం వరసలో వింటే అటు ‘బిగ్ బ్లాక్’, ఇటు ‘స్టాండ్ ఆన్ ఇట్’ రెండు పక్కలా హోరెత్తిస్తాయి. నేను దీన్ని విడిగా పెట్టుకుంటాను.

నా అభిప్రాయానికి నా పరిస్థితులే కారణం కావచ్చు. నేను కొద్దో గొప్పో గిటారు వాయిస్తాను, ఆ కడ్డీతో పడ్డ పాట్లు నాకున్నాయి, పైగా వీణ అలవాటైన చెవి. ఇవేవీ లేనివాళ్లకు ఇది ఒక మెల్లని ఈలలాగే తోచవచ్చు. మా ఇంట్లోనే ఒకరు ‘ఇంకా మొదలు కాలేదా?’ అని అడిగారు, అప్పటికి సగం అయిపోయింది. మాటలు లేనిదే పాట ఎక్కనివారికి నేను దీన్ని సిఫారసు చేయను. మన గమకాలకు దగ్గరగా బెక్‌ను వినాలనుకునేవారు 2001 నాటి ‘యూ హాడ్ ఇట్ కమింగ్’ ఆల్బంలో నితిన్ సాహ్నీ రచన ‘నాదియా’తో మొదలుపెడితే తేలిక. హెడ్‌ఫోన్లు ఉండి, ఓపిక కూడా ఉంటే ముందు రోనీ స్కాట్స్ రికార్డింగు వినండి, ఆ తర్వాత 1989ది. ‘గిటార్ షాప్’ మొత్తం కొనాలా అంటే, నా దగ్గర దీనితోపాటు ఇప్పటికీ ఆడుతున్నది ‘టూ రివర్స్’ ఒక్కటే.